అరగంట రిజర్వు అనే భ్రమ

విమాన ప్రమాదాల దర్యాప్తు నివేదికలు చదివే అలవాటు నాకు చాలా కాలంగా ఉంది. తుపానులో చిక్కుకున్నవి, ఇంజన్‌లో ఏదో భాగం విరిగినవి, మబ్బుల్లో దారి తెలియక కొండను గుద్దుకున్నవి, ఇలా రకరకాలు ఉంటాయి. చదివితే బాధేస్తుంది. ఒక్క రకం మాత్రం బాధకంటే ముందు చిరాకు తెప్పిస్తుంది. విమానం బాగుంది, ఆకాశం నిర్మలంగా ఉంది, ఇంజన్‌లో ఏ లోపమూ లేదు, పైలట్‌కి కావలసినంత అనుభవం ఉంది. ట్యాంకులో మాత్రం చుక్క ఇంధనం లేదు.

ఇలాంటి చోటికి వెళ్లిన దర్యాప్తు అధికారికి సంగతి తొందరగానే అర్థమైపోతుంది. శకలాల దగ్గర పెట్రోలు వాసన రాదు. ట్యాంకు పగిలి ఇంధనం నేల మీద పారి ఉంటే చుట్టుపక్కల గడ్డి మాడిపోతుంది. ఇక్కడ పచ్చగానే ఉంటుంది. ఇంజన్ బలంగా తిప్పుతుండగా నేలను తాకిన ప్రొపెల్లర్ రెక్కలు మెలితిరిగిపోతాయి, అంచుల మీద గాట్లు పడతాయి. ఇంజన్ ముందే ఆగిపోతే చాలాసార్లు ఒక రెక్క వెనక్కి వంగి, రెండోది దాదాపు తిన్నగానే మిగులుతుంది. మంటలు కూడా అరుదు, కాలడానికి ఏమీ మిగలలేదు కదా. ఆ కారణంగానూ, విమానం చిన్నది, వేగం తక్కువ కావడం వల్లానూ ఈ ప్రమాదాల్లో చాలామంది బతికి బయటపడతారు. మంచిదే. కానీ బతికి బయటపడడం వల్లే ఈ రకం ప్రమాదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరేమోనని నా అనుమానం. పొలంలో బోర్లాపడిన విమానం ఫొటో చూసి నవ్వుకుని, "పెట్రోలు పోసుకోవడం కూడా రాదా" అని ఒక మాట అనేసి వదిలేస్తారు.

ఆ మాటతోనే నా పేచీ. అమెరికాలో ప్రమాదాల దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 2017లో ఇంధనం విషయమై పైలట్లకు ఒక హెచ్చరిక విడుదల చేసింది. 2011 నుంచి 2015 దాకా ఆ దేశంలో చిన్న విమానాలకు, అంటే విమానయాన సంస్థలవి కాని వాటికి, ఇంధన నిర్వహణ లోపం వల్ల ఏడాదికి సగటున 50కి పైగా ప్రమాదాలు జరిగాయట. అన్ని కారణాల్లో ఇది ఆరో స్థానం. వాటిలో 56 శాతం ఇంధనం పూర్తిగా అయిపోయినవి. 35 శాతం ఇంకో రకం: విమానంలో ఎక్కడో ఇంధనం ఉంది, ఇంజన్‌కి మాత్రం చేరలేదు. ఇంధన వ్యవస్థలో యంత్రలోపం ఉన్నవి 5 శాతం కూడా లేవు.

నన్ను ఆపింది ఈ అంకెలు కాదు, అదే కాగితంలో ఉన్న మరో లెక్క. ఈ ప్రమాదాలు చేసిన పైలట్లలో 48 శాతం మందికి కమర్షియల్ లైసెన్సు గానీ, అంతకన్నా పెద్దదైన ఎయిర్‌లైన్ లైసెన్సు గానీ ఉంది. శిక్షణలో ఉన్న విద్యార్థులు 2 శాతమే. విద్యార్థి పక్కన గానీ వెనక గానీ అడిగేవాడు ఒకడుంటాడు, ఎంత పోశావు, ఎంతసేపు తిరుగుతావు అని. అందుకే అంత తక్కువ అని సర్దిచెప్పుకోవచ్చు. అయినా సగం మంది పై స్థాయి లైసెన్సు ఉన్నవాళ్లయినప్పుడు "తెలియక చేశారు" అనే వాదన నిలబడదు. వీళ్లకి గ్యాలన్ల లెక్క వచ్చు. గాలి లెక్క వచ్చు. రిజర్వు ఎంత ఉంచాలో చట్టం ఏం చెబుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సమస్య, నాకు అర్థమైనంతలో, ఆ రిజర్వు దగ్గరే ఉంది.

అమెరికా నిబంధన 91.151 చెప్పేది ఇది. కళ్లతో బయటికి చూస్తూ నడిపే ప్రయాణమైతే, గాలినీ వాతావరణ సూచననీ లెక్కలోకి తీసుకుని, మొదట దిగాలనుకున్న చోటికి చేరి, ఆ పైన మామూలు క్రూజ్ వేగంతో పగలైతే 30 నిమిషాలు, రాత్రైతే 45 నిమిషాలు ఎగరగలిగేంత ఇంధనం ఉంటే తప్ప బయలుదేరకూడదు. జాగ్రత్తగా చదవండి. బయలుదేరకూడదు అంటోంది. అరగంట ఇంధనంతో దిగి తీరాలి అనడం లేదు. బయలుదేరే క్షణాన కాగితం మీద అరగంట మిగులు కనబడితే ఈ నిబంధన పని అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత ఆ అరగంట ఏమైందో అది అడగదు.

కాగితం మీద అరగంట అంటే గాల్లో ఎంత? ఒక లెక్క వేసి చూద్దాం. సెస్నా 172ఎన్ అనే నాలుగు సీట్ల విమానం తీసుకుంటాను, 1970ల చివరి మోడల్, ఇప్పటికీ చాలాచోట్ల ఎగురుతోంది. మామూలు ట్యాంకులతో వాడుకోదగిన ఇంధనం 40 గ్యాలన్లు (అమెరికన్ గ్యాలన్లు, ఒక్కోటి 3.8 లీటర్లకు కొంచెం తక్కువ). గంటకు 8.5 గ్యాలన్లు తాగుతుందనీ, గంటకు 110 నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు, ఇకపై మైలు అంటే ఇదే) పోతుందనీ అనుకుందాం. వెళ్లాల్సిన దూరం 440 మైళ్లు. అంటే నాలుగు గంటలు, 34 గ్యాలన్లు. స్టార్ట్ చేయడానికి, రన్‌వే దాకా నడవడానికి, పైకి ఎక్కేటప్పుడు అదనంగా తాగేదానికి ఒకటిన్నర గ్యాలన్లు. మిగిలింది 4.5 గ్యాలన్లు, దాదాపు 32 నిమిషాలు. చట్టప్రకారం అంతా సక్రమం.

ఇప్పుడు మూడు చిన్న తేడాలు రానివ్వండి. మొదటిది, ట్యాంకులు నిండాయి అనుకున్నారు గానీ నేల కాస్త వాలుగా ఉండడం వల్ల రెండూ కలిపి ఒకటిన్నర గ్యాలన్లు తక్కువ పట్టాయి. ఈ ట్యాంకులు రెక్కలో పరుపులా వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటాయి. మూత దగ్గర ఒక అంగుళం తేడా అంటే చాలా ఇంధనం. రెండోది, పైకి వెళ్లాక మిక్స్చర్, అంటే ఇంజన్‌లోకి పోయే గాలీ ఇంధనాల మిశ్రమం, సరిగ్గా పలచన చేయలేదు. తయారీదారు పుస్తకంలోని అంకెలు కొత్త ఇంజన్‌తో, మిక్స్చర్‌ను పుస్తకం చెప్పినట్టు సవరించి తీసినవి. పాత ఇంజన్, బద్ధకపు చెయ్యి కలిస్తే 8.5 కాస్తా 9.2 అవుతుంది. మూడోది, ఎదురుగాలి వాతావరణ సూచనలో చెప్పినదానికంటే గంటకు పది మైళ్లు ఎక్కువగా వీచింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఎవరినీ తిట్టదగినంత తప్పు కాదు. ఇవి రోజూ జరిగేవే.

మొత్తం కలిపితే: 38.5 గ్యాలన్లతో మొదలు, ఒకటిన్నర ముందే పోయింది, 37 మిగిలాయి. గంటకు 9.2 చొప్పున నాలుగు గంటల ఒక్క నిమిషం. ఆ సమయంలో గంటకు 100 మైళ్ల చొప్పున వెళ్లగలిగేది 402 మైళ్లు. గమ్యం 440 దగ్గర ఉంది. ఇంకా 38 మైళ్లు ఉండగానే, అంటే 70 కిలోమీటర్ల ముందే, ఇంజన్ ఆగిపోతుంది.

మిగిలిందనుకున్న అరగంట ఎప్పుడూ లేదు. ఉన్నది మూడు కొలతల్లోని పొరపాట్లను కప్పిపెట్టడానికి కూడా సరిపోని ఒక అంకె. నా వాదన అంతా ఇంతే: నాలుగు గంటల ప్రయాణంలో కొలతల తేడాలే అరగంటకు మించి ఉంటాయి కాబట్టి, అరగంట రిజర్వు అనేది రిజర్వు కాదు.

"పెద్ద జెట్ విమానాలకి కూడా అరగంటేగా" అని ఎవరో అడుగుతారు, అడగాలి కూడా. నిజమే, అంతర్జాతీయ నిబంధనల ప్రకారం జెట్ విమానాలు చివరి రిజర్వుగా ఉంచుకునేది 30 నిమిషాల ఇంధనమే. కానీ ఆ 30 నిమిషాలకు ముందు ఎన్ని పొరలు ఉన్నాయో చూడండి. ప్రయాణానికి కావలసిన ఇంధనం ఒకటి. గాలి, బరువు, దారి మళ్లింపుల్లాంటి తేడాల కోసం మామూలుగా దానిలో 5 శాతం కంటింజెన్సీ పేరుతో వేరే. గమ్యంలో దిగలేకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లడానికి వేరే. ఇవన్నీ అయ్యాక, ముట్టుకోకూడని చివరి అరగంట. ప్రతి తేడాకీ దాని డబ్బా దానికి ఉంది. పైగా నేల మీద ప్రయాణాన్ని లెక్కగట్టి కనిపెట్టుకుని ఉండే ఒక డిస్పాచర్, కాక్‌పిట్‌లో ఇద్దరు, దారి పొడుగునా సరిచూసుకోవడం. చిన్న విమానంలో తేడాలకీ, మళ్లింపుకీ, ప్రాణరక్షణకీ కలిపి అదే ఒక్క అరగంట. చూసుకునేది ఒక్క మనిషి. అంకె ఒకటే కావచ్చు, అర్థం ఒకటి కాదు.

ఇంకో తేడా ఉంది, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. పెద్ద విమానాల విషయంలో, దగ్గరలోని సురక్షిత విమానాశ్రయంలో దిగేసరికి చివరి రిజర్వు కంటే తక్కువ మిగులుతుందని లెక్క తేలిన క్షణమే అది ఎమర్జెన్సీ. పైలట్ "మేడే ఫ్యూయల్" అని ప్రకటించాలి. దానికి ముందు మెట్టు "మినిమమ్ ఫ్యూయల్": ఇంకా ఎమర్జెన్సీ కాదు, కానీ ఇక ఏ ఆలస్యం జరిగినా రిజర్వులోకి చెయ్యి పెట్టాల్సి వస్తుందని కంట్రోలర్‌కి చెప్పడం. అంటే రిజర్వులో మొదటి చుక్క వాడాల్సి రావడమే ప్రమాద ఘంటిక. చిన్న విమానంలో అదే అరగంటను జేబులో మిగిలిన చిల్లరలా చూస్తారు, అవసరమైతే ఖర్చు పెట్టుకోవచ్చని.

పెద్ద విమానాలు ఈ పాఠం ఊరికే నేర్చుకోలేదు. 1978 డిసెంబరు 28న యునైటెడ్ 173 అనే ప్రయాణికుల జెట్, డీసీ-8 రకం, అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర ల్యాండింగ్ గేర్ (దిగే చక్రాల) సమస్య గురించి తర్జనభర్జన పడుతూ దాదాపు గంట చక్కర్లు కొట్టి, ఇంధనం అయిపోయి కూలింది, పదిమంది చనిపోయారు. 1990 జనవరి 25న అవియాంకా 52 న్యూయార్క్ దగ్గర అలాగే కూలింది, 73 మంది. ఆ సిబ్బంది రేడియోలో ప్రాధాన్యం అడిగారు, ఇంధనం అయిపోతోందన్నారు, ఎమర్జెన్సీ అనే మాట మాత్రం వాడలేదు. కాక్‌పిట్‌లో ముగ్గురేసి ఉండగానే ఇలా జరిగింది. ఒంటరి పైలట్‌ని "జాగ్రత్తగా ఉండు" అని వదిలేస్తే ఏమవుతుంది?

గేజీల సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగియదు. చిన్న విమానాల పైలట్ల మధ్య ఒక నమ్మకం తరతరాలుగా నడుస్తోంది: ఫ్యూయల్ గేజ్ ఖాళీ అయినప్పుడు మాత్రమే సరిగ్గా చూపితే చాలు, మిగతా సమయంలో ఎలా చూపినా చట్టం ఒప్పుకుంటుందని. ఇది పాత నిబంధన 23.1337ని తప్పుగా చదవడం వల్ల పుట్టింది. అది చెప్పింది వేరు. ట్యాంకు అడుగున ఇంజన్‌కి అందని ఇంధనం కొంత ఎప్పుడూ ఉంటుంది. సమతలంగా ఎగురుతున్నప్పుడు అంతే మిగిలితే గేజ్ సున్నా చూపాలి, ఆ అందనిదాన్ని కలిపి చూపించి మోసం చేయకూడదు అని. ప్రతి ట్యాంకులో ఎంత ఉందో చూపే గేజ్ పనిచేస్తూ ఉండాలని 91.205 వేరే చెబుతుంది. కానీ ఈ తప్పు నమ్మకం వల్ల ఏమైందంటే, సూది కిందికి పడిపోతున్నా "దీన్ని నమ్మలేం" అనే సమాధానం రెడీగా ఉంటుంది.

పాత గేజ్‌లు అంత గొప్పవి కావన్నది నిజమే. ట్యాంకులో తేలే బెండు, దానికో చువ్వ, చివర ఒక రెసిస్టర్. లోతులేని ట్యాంకులో ఇంధనం అటూ ఇటూ ఊగుతుంటే సూది కూడా ఊగుతుంది. అన్నిటికంటే నిజాయితీ ఉన్న గేజ్ బహుశా పాత పైపర్ జే-3 కబ్‌ది: ముందు ట్యాంకు మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన ఒక తీగ, దాని కింద బెండు. ఇంధనం తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గానీ అబద్ధం చెప్పడానికి అందులో ఏమీ లేదు.

నా లెక్కలో గేజ్‌ను వాడాల్సిన పద్ధతి ఒకటే. లెక్క ఒకటి చెబుతుంది, గేజ్ ఇంకొకటి చెబుతుంది. రెండింటిలో ఏది తక్కువ చూపితే దాన్నే నమ్మాలి. లెక్క ప్రకారం పది గ్యాలన్లు ఉండాలి, గేజ్ ఐదే చూపుతోందంటే గేజ్ చెడిపోయి ఉండొచ్చు. లేదా రెక్క మీది మూత సరిగ్గా పట్టకపోయి ఉండొచ్చు. రెక్క పైభాగాన గాలి పీడనం తక్కువగా ఉంటుంది కాబట్టి వదులుగా ఉన్న మూతలోంచి ఇంధనం బయటికి లాగేయబడుతుంది, సీట్లో కూర్చున్నవాడికి ఏమీ కనబడదు. కిందికి దిగి చూస్తే తప్ప ఏది నిజమో తెలియదు. దిగి చూసి గేజ్ చెడిపోయిందని తేలితే పోయింది ఓ గంట సమయం.

ఇప్పుడు చాలా విమానాల్లో ఫ్యూయల్ టోటలైజర్లు వచ్చాయి, ఇంజన్‌లోకి పోయే ఇంధనాన్ని చుక్క చుక్కా లెక్కపెడతాయి. మంచి పరికరమే, నాకు నచ్చుతుంది. కాకపోతే అది ట్యాంకులోకి తొంగిచూడదు. బయలుదేరేముందు పైలట్ ఎంత ఉందని చెప్పాడో అందులోంచి వాడింది తీసేసి చూపిస్తుంది, అంతే. ట్యాంకులు నిండకుండానే "ఫుల్" అని నొక్కితే ఆ అబద్ధాన్నే గ్యాలన్‌లో పదో వంతు దాకా లెక్కగట్టి చూపుతుంది. మూతలోంచి కారిపోయేది దానికి తెలియనే తెలియదు. దశాంశ స్థానం కనబడగానే మనిషి ఎక్కువ నమ్ముతాడు, అదో బలహీనత. ఇందాకటి 172కే కొత్త రూపమైన సెస్నా 172ఎస్‌లో ఉన్న మొరటు దీపమే నాకు ఎక్కువ నచ్చుతుంది: ఒక ట్యాంకులో ఐదు గ్యాలన్ల కంటే తగ్గి నిమిషం దాటితే అది వెలుగుతుంది. లెక్కలు చెప్పదు, దిగమంటుంది.

గాలి గురించి ఒక పక్క మాట. వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉంటే వచ్చేటప్పుడు వెనకగాలి కలిసొస్తుంది, లెక్క సరిపోతుంది అనుకుంటారు. సరిపోదు. అదే 110 మైళ్ల వేగం, అటు 220, ఇటు 220. గాలి లేకపోతే నాలుగు గంటలు. 40 మైళ్ల గాలి ఉంటే వెళ్లడానికి 3 గంటల 9 నిమిషాలు, రావడానికి ఒక గంట 28 నిమిషాలు, మొత్తం 4 గంటల 37 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు. ఆ తేడా ఒక్కటే అరగంట రిజర్వును మింగేసి ఇంకా ఏడు నిమిషాలు అడుగుతుంది.

సరే, లెక్కలు ఇలా ఉన్నాయి. మరి దారిలో తెలుస్తుంది కదా, దిగొచ్చు కదా? దిగొచ్చు. దిగరు. దీనికి కారణం నిర్లక్ష్యం అనను. ఇంజన్ విరిగితే పైలట్‌కి నిర్ణయం తీసుకోవాల్సిన అవసరమే లేదు, అది తీసేసుకుంది. ఇంధనం అలా కాదు. అది నెమ్మదిగా తగ్గుతుంది, ఏ నిమిషానా "ఇదే ఆ క్షణం" అని చెప్పదు. గమ్యానికి గంటన్నర ముందు ఒక రన్‌వే కిందనుంచి పోతుంది. అక్కడ దిగితే ముప్పావు గంట పోతుంది, పంపు దగ్గర మనిషి ఉంటాడో లేదో, అక్కడ ధర ఎక్కువ, వెనక సీట్లో ఉన్నవాళ్లు ఏమనుకుంటారో. ఇంకా చాలా ఉంది కదా అనిపిస్తుంది. గంట ముందు ఇంకో రన్‌వే. ఇప్పుడు దిగితే ఇందాక దిగనందుకు తెలివితక్కువగా ఉంటుంది. అరగంట ముందు మూడోది. ఇంత దూరం వచ్చాక ఇక్కడా? పదిహేను నిమిషాల ముందు ఇక దిగడానికి రన్‌వే లేదు, అందరికీ తెలిసిన ఆ సూది సున్నా మీద వణుకుతోంది, చేతులు చల్లబడతాయి, కళ్లు ముందుకే చూస్తాయి.

దిగడానికయ్యే ఖర్చు కళ్లముందు కచ్చితంగా కనబడుతుంది. దిగకపోతే వచ్చే ప్రమాదం మాత్రం "కావచ్చు" గానే ఉంటుంది, అది నిజమయ్యేదాకా. పైగా ఇంతకుముందు ఇలాగే లాగిన ప్రతిసారీ చేరుకున్నారు. నా అనుమానం నిజమైతే అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. వాళ్ల అనుభవం వాళ్లకి చెప్పింది, సరిపోతుందని.

ఇంధనం ఉండి కూడా అందని రకానికి గాయకుడు జాన్ డెన్వర్ మరణం ఎప్పటికీ గుర్తుండే ఉదాహరణ. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో మాంటెరే నుంచి తను కొత్తగా కొనుక్కున్న లాంగ్-ఈజడ్ విమానంలో బయలుదేరాడు. అది ఇంట్లో తయారుచేసిన విమానం. కట్టినవాడు ట్యాంకు మార్చే ఫ్యూయల్ సెలెక్టర్ పిడిని పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. సీట్లో కూర్చుని దాన్ని చేరుకోవాలంటే ఒళ్లు మెలితిప్పాలి. గేజ్‌లు కూడా వెనకే, గుర్తులు లేకుండా. చూడ్డానికి ఒక అద్దం కావాల్సి వచ్చింది. సాయం చేసిన మెకానిక్‌తో ఇంధనం గురించి మాట్లాడాడు, సుమారు గంటసేపే తిరుగుతానని చెప్పి పోయించుకోలేదు. గాల్లో ఆ పిడిని తిప్పబోతూ పొరపాటున కుడి రడ్డర్ (విమానం ముక్కును పక్కకు తిప్పే పెడల్) తొక్కేయడంతో అదుపు తప్పి సముద్రంలో పడిందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఇంధనం నింపుకోకుండా బయలుదేరడాన్ని కూడా కారణంగానే రాసింది. పిడిని ఆ చోట పెట్టడం, గేజ్‌ల మీద గుర్తులు లేకపోవడం, ఆ రకం విమానంలో అనుభవం చాలకపోవడం తోడ్పడ్డ అంశాలు అంది. అతను చిన్నప్పటినుంచీ విమానాల మధ్య పెరిగినవాడు. తండ్రి అమెరికా వైమానిక దళ పైలట్. ట్యాంకులు నిండి ఉంటే ఆ గంటలో ఆ పిడిని తాకే పనే పడేది కాదు. చెడ్డ డిజైన్‌ను కూడా నిండు ట్యాంకు కప్పిపెడుతుంది.

అయితే ప్రతిసారీ నింపేసుకోమంటారా అంటే, అదీ కుదరదు, బరువు ఊరుకోదు. 172ఎస్ గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు. సామాన్లతో ఖాళీ బరువు 1,680 ప్రాంతంలో ఉందనుకోండి. వాడుకోదగిన 53 గ్యాలన్లు నింపితే గ్యాలన్‌కి ఆరు పౌండ్ల చొప్పున 318. మనుషులకీ సామానుకీ మిగిలింది 552 పౌండ్లు, 250 కిలోలు. 75 కిలోల మనుషులు నలుగురు ఎక్కాలంటే 18 గ్యాలన్లు తగ్గించాలి. నాలుగు సీట్లున్న విమానం నిజానికి ముగ్గురి విమానం, లేదా నలుగురి చిన్న ప్రయాణపు విమానం. 35 గ్యాలన్లతో బయలుదేరడంలో తప్పేమీ లేదు. 53 గ్యాలన్ల దూరాన్ని 35తో చుట్టొద్దామనుకోవడంలోనే చిక్కంతా.

అమెరికా పైలట్ల సంఘం ఏఓపీఏ వారి భద్రతా సంస్థ చాలా ఏళ్లుగా గంట రిజర్వు ఉంచమని చెబుతోంది. నేను దాన్ని సమర్థిస్తాను, కానీ అదీ ఎంత పలచనో చూపించాలి. ఇందాకటి 172ఎన్ లెక్కలోనే గంట రిజర్వు పెట్టుకుని ప్రయాణాన్ని 388 మైళ్లకు కుదించండి. అవే మూడు తేడాలు రానివ్వండి. గమ్యం చేరేసరికి ట్యాంకుల్లో మిగిలేది 1.3 గ్యాలన్లు, ఎనిమిది నిమిషాలు. గంట అనుకున్నది ఎనిమిది నిమిషాలైంది. కాబట్టి చట్టంలో 30ని 60గా మార్చేస్తే సరిపోతుందనే వాళ్లతో నేను ఏకీభవించను. 60 రాస్తే కాగితం మీద 61 కనబడేలా లెక్క వేస్తారు. అంకె మారుతుంది, అలవాటు మారదు.

నాకు పనికొస్తుందనిపించేది గడియారం. బయలుదేరేముందే, కాళ్లు నేల మీద ఉండగానే, ఒక సమయం రాసుకోవాలి: ఫలానా గంటకి నేను ఎక్కడో ఒకచోట దిగి ఉంటాను, అది గమ్యమైనా కాకపోయినా. ఇది గ్యాలన్ల అంకె కాదు కాబట్టి గేజ్‌తో వాదన పెట్టుకోవలసిన పని లేదు. మైళ్ల అంకె కాదు కాబట్టి ఎదురుగాలి దాన్ని సాగదీయలేదు. ఎదురుగాలి ఎక్కువైతే ఆ సమయానికి చేరే దూరం తగ్గుతుంది, అంతే. అప్పుడు ఏ రన్‌వే దగ్గరగా ఉంటే అదే గమ్యం. గాల్లో ఉన్నప్పుడు ప్రతి గంటకీ గడిచిన దూరాన్ని చూసుకుంటే ఆ సమయానికి చేరతామో లేదో రెండు మూడు గంటల ముందే తెలిసిపోతుంది, టెన్షన్ మొదలవకముందే. నిర్ణయం అలసిపోయిన మనిషి చేతిలో కాకుండా పొద్దున తాజాగా ఉన్న మనిషి చేతిలో ఉంటుంది.

దానికి తోడు ఇంకొకటి, ఇది చాలామంది చేయరు. దిగి నింపుకున్నాక పంపు మీద పడిన అంకెను, తాము వేసుకున్న లెక్కతో పోల్చి చూడడం. 30 గ్యాలన్లు తాగి ఉంటుందనుకున్నారు, 33 పట్టింది. ఆ మూడు ఎక్కడ పోయాయి? కొన్నాళ్లు ఇలా రాసుకుంటే తయారీదారు పుస్తకంలోని విమానం కాక, తన దగ్గరున్న విమానం ఎంత తాగుతుందో తెలుస్తుంది. ట్యాంకులో ముంచి ఇంధనం కొలిచే కర్ర, డిప్‌స్టిక్, కూడా అంతే. ఆ విమానానికి గుర్తులు పెట్టినదే పనికొస్తుంది, పక్క విమానం కర్ర ముంచితే అది వేరే కథ చెబుతుంది.

ఇన్ని చెప్పాక కూడా ఎవరో ఒకరు సాయంత్రం ఆరింటికి ఎక్కడో సున్నా మీద ఆడే సూదిని చూస్తూ ఉంటారు. అప్పుడేం చేయాలి? రేడియోలో ఎమర్జెన్సీ చెప్పడానికి జంకుతారు, కాగితాలు నింపాలేమో, లైసెన్సు పోతుందేమో అని. అమెరికాలో ఎమర్జెన్సీలో నిబంధన తప్పాల్సి వస్తే, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అడిగితేనే రాతపూర్వక నివేదిక ఇవ్వాలి, నిబంధన 91.3 మాట అదే. చెప్పకుండా దాచుకుని పొలంలో పడితే రాయాల్సిన కాగితాలు అంతకంటే చాలా ఎక్కువ.

ఇంజన్ ఆగకముందే మంచి పొలమో, ఖాళీ రోడ్డో చూసుకుని దిగేయడం ఇంకో దారి. ఇష్టపడేవాళ్లు తక్కువ. ఆగిపోయాక 172 ఒక అడుగు దిగేలోపు తొమ్మిది అడుగులు ముందుకు పోతుంది. 3,000 అడుగుల ఎత్తునుంచి నాలుగున్నర నాటికల్ మైళ్లు, అదీ గాలి లేకపోతే. ఎంచుకున్న పొలంలో కరెంటు తీగ ఉందని వంద అడుగుల ఎత్తులో కనబడితే మళ్లీ పైకి లేచే అవకాశం లేదు. ఇంజన్ తిరుగుతుండగా అయితే ఒకసారి పొలం మీదుగా తక్కువ ఎత్తులో పోయి, తీగలూ గుంటలూ చూసి, గాలి ఎటు వీస్తోందో గమనించి, రెండోసారి తిరిగొచ్చి దిగొచ్చు. దానికి కావలసింది పది నిమిషాల ఇంధనం. అలా దిగిన విమానానికి దెబ్బ తగలకపోతే, ఎవరికీ గాయం కాకపోతే అది ప్రమాదంగా లెక్కకే రాదు, దర్యాప్తు నివేదికా ఉండదు. ఏడాదికి 50 చొప్పున ఎన్‌టీఎస్‌బీ లెక్కపెట్టినవాళ్లలో సగానికి పైగా ఆ పది నిమిషాలు కూడా వాడేసుకున్నవాళ్లే.